గజ్జె కట్టిన ప్రతి మనిషికీ ఒక వాటా

చీపురుపల్లి దగ్గర మా అమ్మమ్మగారి ఊరిలో తప్పెటగుళ్ళ (గుండెల మీద రేకు వాద్యం కట్టుకొని ఆడే జానపద ఆట) బృందానికి గురువుగా ఉన్న తాత ఒక సాయంత్రం నన్ను ఒక మాట అడిగారు. "ఏటమ్మా, ఆట కట్టింది పద్దెనిమిది మందిమి. డబ్బేమో నీ ఒక్కదాని ఖాతాకే వచ్చిందంటన్నావు. మరి వాటాలెలగ ఎయ్యాలి?" ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, అనుమానమూ లేదు. ఆటకు వెళ్ళివచ్చిన ప్రతిసారీ అరుగు మీద తువ్వాలు పరచి, వచ్చిన డబ్బంతా దాని మీద పోసి, అందరి ఎదుటా లెక్కపెట్టి పంచే మనిషికి అది మామూలు సందేహం. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఊళ్ళలోని ఆటపాటలను వీడియో తీసి పెట్టే నా యూట్యూబ్ చానల్‌కు అప్పటికి మూడేళ్ళు. తాత అడిగింది అందులో పెట్టిన తమ ఆట వీడియో మీద వచ్చిన డబ్బు గురించి. అంతకుముందు నేను వయొలిన్ వాయించి బతికినదాన్ని. విజయనగరంలో మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో డిప్లొమా పూర్తిచేసి, హరికథలకూ పెళ్ళిళ్ళకూ పండుగ రోజుల్లో ఆర్కెస్ట్రాలకూ పదకొండేళ్ళపాటు పక్కవాద్యం వాయించాను. 1919లో మొదలైన ఆ కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. అక్కడ చదువుకుందామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి వాయిద్యం విని, ఆయనను విద్యార్థిగా కాక ఆచార్యుడిగానే తీసుకున్నారన్న కథ మా తరగతుల్లో చదివిన ప్రతివారికీ కంఠస్థం. అంతటి పరంపర ఉన్న ఊరిలో వయొలిన్ పట్టిన చెయ్యి ఫోనూ మైకూ పట్టుకొని ఊళ్ళవెంట తిరగడం కొందరు పెద్దలకు దిగజారడంగానే తోచింది. "ఇంత విద్య నేర్చుకొని చివరికి దుకాణం పెట్టావా అమ్మా?" అని నా మేలు కోరినవారే బాధపడ్డారు.

ఆ బాధను గౌరవిస్తాను గాని, అందులోని మాటను అంగీకరించలేను. తన కళకు తానే యజమాని కావాలన్న కోరిక కళాకారులకు నిన్నమొన్న పుట్టింది కాదు. ఈ ఊరి వీధుల్లో ఇంటింటా అన్నం అడిగే మధుకరం ఎత్తుకొని సంగీతం నేర్చుకున్న ఘంటసాల గారు గాయకుడిగా వెలుగుతున్న రోజుల్లోనే 1953లో ‘పరోపకారం’తో నిర్మాత అయ్యారు. పాట కలిసివచ్చినట్టుగా నిర్మాణం ఆయనకు కలిసిరాలేదు, అది వేరే సంగతి. పారితోషికం పుచ్చుకొని మారుమాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోతే కళాసేవ అనీ, లెక్కల పుస్తకం తెరిచి చూస్తే వ్యాపారం అనీ మనం అనుకుంటున్నంతకాలం ఆ పుస్తకం మరెవరి చేతిలోనో ఉంటుంది.

అది మరొకరి చేతిలో ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. చదువు పూర్తయిన కొత్తలో ఒక సంస్థ భక్తిగీతాల ఆల్బమ్‌కు వాయించమని పిలిచింది. రెండు రోజులు వాయించాను. కవరులో కొంత డబ్బు పెట్టి, చదవడానికి వ్యవధి లేని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకొని పంపించారు. సీడీ అట్ట మీద పాడినవారి పేరు ఉంది, నిర్మాత పేరు ఉంది, వాద్యకారులలో ఒక్కరి పేరూ లేదు. చాలా ఏళ్ళ తరువాత గంటస్తంభం దగ్గర ఆటో ఎక్కితే డ్రైవరు ఫోనులో ఆ పాటే వస్తోంది. రెండో చరణం ముందు వచ్చే ఆ చిన్న ఆలాపన నాది, ఆ కమాను నాది. పక్కన కూర్చున్నామె "వయొలిన్ ఎంత బాగుందో" అన్నప్పుడు, వాయించింది నేనేనని చెప్పుకోవడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. చానల్ పెట్టాలన్న పట్టుదల నాకు ఆ ఆటోలోనే కలిగింది.

దారి వెతుక్కుంటున్న ఆ రోజుల్లో నాకు బలమిచ్చిన జీవితం ఒక అమెరికా నటిది. ఆమె పేరు ఫెలీషియా డే. ఆమె నాకు దగ్గర కావడానికి మొదటి కారణం ఆమె కూడా వయొలిన్ నేర్చుకున్న మనిషి కావడం. పదహారేళ్ళకే టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చేరి గణితంలోనూ వయొలిన్‌లోనూ పట్టా పుచ్చుకొని, లాస్ ఏంజెలిస్ వెళ్ళి, ప్రకటనల్లోనూ ధారావాహికల్లోనూ చిన్న వేషాలు వేస్తూ గడిపింది. ఆన్‌లైన్ ఆటల వ్యసనంలో తాను మునిగితేలిన కాలాన్నే కథగా మలచి ‘ది గిల్డ్’ అనే ధారావాహిక రాసుకుంది. టెలివిజన్‌లో దానికి చోటు దొరకకపోవడంతో 2007లో మిత్రులతో కలిసి సొంత డబ్బుతో మొదటి భాగాలు చిత్రించి యూట్యూబ్‌లో పెట్టింది. చేతిలో సొమ్ము అయిపోయాక, చూసేవాళ్ళు ఇంటర్నెట్ ద్వారా పంపిన చిన్న చిన్న విరాళాలతోనే మొదటి సీజన్ ముగించింది. తరువాత మైక్రోసాఫ్ట్ వంటి పెద్ద సంస్థ ప్రసారానికి ముందుకు వచ్చినప్పుడు ప్రసారం చేసుకునే అనుమతి మాత్రం ఇచ్చి, ఆ రచన మీద హక్కును తన దగ్గరే ఉంచుకుంది. ఈ చివరి సంగతి చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. అన్నీ చిన్న వేషాలే వేస్తున్న ఒక నటి, ప్రపంచంలోకెల్లా పెద్ద కంపెనీలలో ఒకదానికి "మీరు చూపించుకోండి, సొత్తు మాత్రం నాది" అని చెప్పగలిగింది. రెండు రోజుల వాద్యానికి కవరు తీసుకున్న నేను అడగడానికి కూడా భయపడిన మాట అది. 2012లో ఆమె ‘గీక్ అండ్ సన్‌డ్రీ’ అనే డిజిటల్ సంస్థను మొదలుపెట్టింది, 2014లో లెజెండరీ అనే పెద్ద సంస్థ దానిని కొనుక్కుంది.

అదే కాలపు మరొక కథ నన్ను మరో విధంగా కలవరపెట్టింది. లీసా డోనవన్ కూడా యూట్యూబ్‌లో హాస్య ప్రదర్శనలతో పేరు తెచ్చుకున్న నటి. తనలాంటి ప్రదర్శకులే కలిసి నడుపుకునే చోటు ఉండాలని 2009లో మరికొందరితో కలిసి మేకర్ స్టూడియోస్ స్థాపించింది. 2014లో డిస్నీ దానిని 50 కోట్ల డాలర్లకు కొన్నది. మూడేళ్ళు తిరిగేసరికి, అందులో చేరిన వేలాది చానళ్ళలో కొన్ని వందలను మాత్రం ఉంచుకొని తక్కినవాటిని వదిలేశారు. ప్రదర్శకులు పెట్టిన సంస్థే అయినా, కొన్న రోజున బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు కొందరు, తరువాత బయటికి నడిచినవాళ్ళు వేలమంది.

తాత అడిగిన రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదే. నేను ఫెలీషియా డే దారిలో నడుస్తున్నానని అనుకుంటూ, నాకు కవరు ఇచ్చిన ఆ సంస్థ దారిలోనే నడుస్తున్నానని ఆయన ప్రశ్నతో తెలిసింది. ఆ బృందం ఆటను నేను వీడియో తీశాను. ఒక రోజు ఆటకు వాళ్ళు ఎంత తీసుకుంటారో అంతా ఇచ్చాను, భోజనాలు పెట్టించాను, చాలా మర్యాదగా చేశానని సంతోషపడ్డాను. ఆ వీడియో మాత్రం ఆ రోజుతో ఆగలేదు. నెలనెలా కొత్త చూపరులను తెచ్చుకుంటూ, నెలనెలా నా ఖాతాలో డబ్బు వేస్తూ ఉంది. వాళ్ళు ఒక్క రోజు ఆడారు, నేను ప్రతి నెలా కూలి తీసుకుంటున్నాను.

తప్పెటగుళ్ళను తెర మీద మాత్రమే చూసినవారికి ఆ ఆటలోని శ్రమ తెలియకపోవచ్చు. గుండ్రటి రేకు వాద్యాన్ని గుండెల మీద కట్టుకొని, రెండు చేతులతో దాన్ని మోగిస్తూ, కాళ్ళకు గజ్జెలతో, గురువు ఎత్తుకున్న పాటను అందుకొంటూ వలయంగా తిరుగుతారు. ఉత్తరాంధ్ర గొల్లల ఇళ్ళలో తండ్రి నుంచి కొడుకుకు వచ్చిన విద్య ఇది. గంగమ్మ కథ, కృష్ణుని కథలు పాడుతూ ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడతారు, అప్పుడు కూడా వాద్యం ఆగదు. కింద నిలబడిన మనిషి ముఖం కెమెరాలో కనిపించదు, పైనున్న కుర్రవాడే కనిపిస్తాడు. చూసేవాళ్ళు మెచ్చుకునేది ఆ కుర్రవాణ్ణే. మా అమ్మమ్మగారి ఊరి తువ్వాలు మీద మాత్రం పైవాడికీ కిందివాడికీ ఒకే వాటా. గురువుకు ఒకటిన్నర. వాద్యాల మరమ్మతుకు ఒక వాటా పక్కన పెడతారు. జబ్బుపడి ఆ రోజు రాలేకపోయినవాడికి అర వాటా ఇంటికి పంపుతారు. ఈ ఏర్పాటును ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, అయినా దాని మీద తగవు వచ్చిందని నేను ఎన్నడూ వినలేదు.

ఇప్పుడు యూట్యూబ్ లెక్క చూడండి. చానల్‌కు వెయ్యిమంది చందాదారులు చేరి, పన్నెండు నెలల్లో జనం 4,000 గంటలపాటు ఆ వీడియోలు చూశాక పూర్తిస్థాయి ప్రకటనల ఆదాయానికి అర్హత వస్తుంది. మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం చానల్‌కు ఇస్తారు. ఖాతాలో 100 డాలర్లు పోగయ్యాక, నెల మూడో వారం దాటాక బ్యాంకుకు పంపుతారు. ఈ యంత్రాంగం ఎంత దూరం ఆలోచించిందంటే, వీడియోలో ఏ నిమిషంలో ఎంతమంది లేచిపోయారో కూడా గీత గీసి చూపిస్తుంది. అయితే డబ్బు దగ్గరికి వచ్చేసరికి దానికి తెలిసింది ఒకే ఒక పేరు, ఒకే పాన్ కార్డు, ఒకే బ్యాంకు ఖాతా. పద్దెనిమిది మంది కలిసి ఆడారన్న సంగతిని చెప్పుకోవడానికి అందులో గడి లేదు. కాబట్టి అంతకుముందు ఎంతో సమంగా పంచుకొన్న బృందాన్ని కూడా అది ఒక యజమానిగా, పదిహేడు మంది కూలీలుగా విడదీస్తుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కరలేదు, ఫారం నింపిన మనిషి యజమాని అయిపోతాడు.

దీని ఫలితం మరొక రూపంలో కూడా మాకు ఎదురయింది. మా వీడియోలోని గంగమ్మ పాట తమదని ఒక సంస్థ తరఫున యాంత్రికంగా నోటీసు వచ్చింది, ఆ వీడియో ఆదాయం ఆగిపోయింది. ఆరా తీస్తే, చాలా ఏళ్ళ కిందట ఆ సంస్థ తెచ్చిన ఒక సీడీలో ఆ పాట ఉందట. ఆ సీడీలో పాడింది కూడా ఇదే బృందం! తాతల నుంచి వచ్చిన పాటను, తమ గొంతుతో, తమ ఊరి రచ్చబండ దగ్గర మళ్ళీ పాడితే అది మరొకరి సొత్తుగా నమోదై ఉంది. అభ్యంతరం తెలిపాను. దానికి జవాబివ్వడానికి అవతలివారికి ముప్పై రోజుల గడువు ఉంటుంది, ఆ గడువు దాదాపు ముగిసేదాకా మౌనంగా ఉండి చివరికి వదులుకున్నారు. ఇంగ్లీషులో ఉన్న ఆ ఫారాన్ని నింపడానికి నేను ఉన్నాను. నేను లేకపోతే తాత ఎవరిని అడిగేవారు?

చట్టం మన పక్షాన లేదని చాలామంది కళాకారులు అనుకుంటారు. అది నిజం కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 1994 సవరణ ప్రదర్శకులకు ప్రత్యేకమైన హక్కును ఇచ్చింది. ప్రదర్శకుడంటే ఎవరో చెప్పే నిర్వచనంలో నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడితోపాటు దొమ్మరి విద్యలు చేసేవాడు, గారడీవాడు, పాములవాడు కూడా పేరుపేరునా ఉన్నారు. ఆ నిర్వచనం మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి, ఎందుకంటే మన సభల ఆహ్వాన పత్రికల్లో ఎన్నడూ చోటు దొరకని మనుషులకు పార్లమెంటు చోటిచ్చింది. ఆ హక్కు యాభై ఏళ్ళు నిలుస్తుంది. 2012 సవరణ మరో అడుగు వేసి, ప్రదర్శనను వాణిజ్యానికి వాడుకుంటే రాయల్టీ పొందే అర్హతనూ, ప్రదర్శించింది తానేనని గుర్తింపు కోరే హక్కునూ ఇచ్చింది. నా వయొలిన్‌కు ఆటోలో కరువైనది ఆ గుర్తింపే. హక్కు కాగితం మీద ఉంది. దాన్ని అరుగు మీది తువ్వాలు దాకా తెచ్చేవాడు లేడు. ప్రదర్శకుడి నుంచి డిజిటల్ యజమానిగా మారిన మనిషి చేయవలసిన మొదటి పని అదేనని నేను నమ్ముతాను, ఎందుకంటే రెండు వైపుల లెక్కా తెలిసినది ఆ ఒక్క మనిషికే.

తరువాతి నెలలో ఊరికి వెళ్ళి మేము ఒక కాగితం రాసుకున్నాం. తెలుగులో, అందరి ఎదుటా గట్టిగా చదివి, సంతకాలూ వేలిముద్రలూ పెట్టిన కాగితం అది. ఆట రోజున ఇచ్చే కూలి ఎప్పటిలాగే చేతికి ఇవ్వాలి. ఆపైన ఆ వీడియో మీద వచ్చే ప్రతి రూపాయిలో గజ్జె కట్టిన పద్దెనిమిది మందికీ వాటాలు, గురువుకు ఒకటిన్నర, వాద్యాలకు ఒకటి. చానల్‌కు ఎంత అన్న దగ్గర నేను తడబడ్డాను. కెమెరా, ఎడిటింగ్, ప్రయాణాలు, ఇంటర్నెట్ ఖర్చు, నోటీసులకు జవాబులు, ఇవన్నీ నా మీద ఉన్నాయి. తాతే తేల్చారు: "నీదీ ఒక గజ్జే అనుకో. కెమెరాకి వాద్యంలాగ ఇంకో వాటా. ఖర్చులు ముందుగా తీసేసుకో." ఏ వ్యాపార పాఠంలోనూ నాకు ఇంత సూటిగా చెప్పిన మనిషి లేడు.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు, వాటిలో ఒకటి నాకు బరువైనది. నాలాగే చానల్ నడిపే స్నేహితుడొకరు, "వాళ్ళు అడిగేది చేతికి డబ్బు, నెలకు రెండు వందల లెక్క కాదు. కూలి పని మానుకొని వచ్చిన మనిషికి నీ వాటా కాగితం కడుపు నింపుతుందా?" అన్నారు. పొట్టకూటి కోసం చెన్నైకీ హైదరాబాదుకూ వలస వెళ్ళే ఈ జిల్లాల్లో ఆ మాట తేలికగా తీసివేయదగినది కాదు. అందుకే ముందు కూలి, ఆపైనే వాటా. కూలికి బదులుగా వాటా చూపించడం మోసమే అవుతుంది. చూపరులు మొహాన్ని చూసి వస్తారు గనుక చానల్ ముఖమైనవారికే ఎక్కువ దక్కాలన్న మరో వాదన నాకు బలహీనంగా తోస్తుంది. భుజాల మీద నిలబడిన కుర్రవాడి ముఖం కనిపించడానికి కింద భుజాలు కావాలి. వీడియో ఎప్పుడు పైకి లేస్తుందో ఎప్పుడు పడిపోతుందో తెలియదు కాబట్టి వాటాలు పెట్టుకోవడం ప్రమాదమంటారు ఇంకొందరు. జాతరకు వెళ్ళిన బృందానికి కూడా ఆ రాత్రి వాన పడుతుందో లేదో తెలియదు. లాభనష్టాలు రెండూ పంచుకోవడానికే వాటా పుట్టింది.

బృందమంతా యజమానులుగా ఉండి పెద్ద సంస్థను నడపడం కుదిరేపని కాదని ఎవరైనా అంటే, ఫెలీషియా డే సంస్థ నీడలోనే పెరిగిన ‘క్రిటికల్ రోల్’ను చూపిస్తాను. కార్టూన్లకూ వీడియో గేములకూ గొంతునిచ్చే నటుల మిత్రబృందం ఒకటి బల్ల చుట్టూ కూర్చొని ఆడే కథల ఆటను 2015లో ఆమె చానల్‌లో ప్రసారం చేయడం మొదలుపెట్టింది. తరువాత విడిగా వచ్చి, ఆ నటులే సంస్థ పెట్టుకున్నారు. తమ కథను బొమ్మల చిత్రంగా తీయడానికి 2019లో ఏడున్నర లక్షల డాలర్లు కావాలని జనాన్ని అడిగితే, ఎనభై ఎనిమిది వేలమందికి పైగా కలిసి కోటీ పదమూడు లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. అక్కడి జనం వేరు, డబ్బు వేరు అని నాకు తెలుసు. బృందం బృందంగానే ఉండి నిలదొక్కుకుందన్న ఒక్క సంగతి కోసమే ఇది చెబుతున్నాను.

మనకూ దారి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1995 నుంచి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది. ఊళ్ళలో పొదుపు సంఘాలూ పాల సంఘాలూ ఆ చట్టం కింద నమోదై, సొంత ఖాతా, సొంత లెక్కలు, సభ్యుల ఎన్నికలతో నడుస్తున్నాయి. గేదె పాలు పోసేవాళ్ళకు అందిన ఏర్పాటు గజ్జె కట్టేవాళ్ళకు అందకూడదనే నియమం ఎక్కడా లేదు. తప్పెటగుళ్ళు, జముకుల కథ, బుర్రకథ, కోలాటం బృందాలు కొన్ని కలిసి అలాంటి సంఘంగా ఏర్పడి, చానల్‌ను సంఘం పేరున పెట్టుకుంటే, ఫారంలో ఉన్న ఆ ఒక్క పేరు గడిలోకి అందరూ రావచ్చు. నా చానల్‌ను అలాంటి సంఘానికి అప్పగించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఇప్పటికి మూడు బృందాలతో మాట్లాడాను, ఒక బృందం ఒప్పుకుంది, ఒకటి ఆలోచిస్తానంది, ఒకటి వద్దంది.

ఈలోగా ఒక చిన్న మార్పు చేశాను. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ మన సంగీతాన్ని మొదటిసారి రికార్డు చేసుకున్నప్పుడు, పాట చివర గౌహర్ జాన్ తన పేరు తానే గట్టిగా చెప్పేది. ఎక్కడో జర్మనీలో రికార్డులు అచ్చువేసేవారికి ఏ పాట ఎవరిదో తెలియడానికి పెట్టుకొన్న ఏర్పాటు అది. మా వీడియోల చివర కూడా తాత పద్దెనిమిది మంది పేర్లూ, ఇంటిపేర్లతో సహా, తానే చదువుతారు. ఎడిటింగ్ చేసే మా తమ్ముడు, జనం ఎప్పుడు లేచిపోయారో చెప్పే ఆ యూట్యూబ్ గీతను చూపించి, "అక్కా, పేర్లు మొదలవగానే జనం వెళ్ళిపోతున్నారు, తీసేద్దాం" అన్నాడు. తీయలేదు.

కిందటి సంక్రాంతి తరువాత ఆ పద్దెనిమిది మందిలో ఒకరు పోయారు. భుజాల వరుసలో అడుగున నిలబడే మనిషి ఆయన. ఆ నెల వాటా మూడు వందలు కూడా లేదు. తువ్వాలు మీద ఆయన వాటా విడిగా తీసి పెట్టి, తాత నన్ను వెంటబెట్టుకొని ఆ ఇంటికి తీసుకువెళ్ళారు. ఆయన భార్య డబ్బు పక్కన పెట్టి ముందు ఫోను అడిగింది. వీడియో చివరికి జరిపి, పేరు వచ్చే చోట నొక్కి, మళ్ళీ వినిపించమంది.